మా స్కూలుకు కొత్త వెబ్‌సైట్: సంక్రాంతి నుంచి బడులు తెరిచే దాకా

2025 జనవరి 20, సోమవారం. సంక్రాంతి సెలవులయ్యాక జరిగిన స్టాఫ్ మీటింగ్‌లో మా కరస్పాండెంట్ సార్ ఒక్క మాటలో తేల్చేశారు. "కొత్త వెబ్‌సైట్ కావాలె. ఉగాదికి ఓపెనింగ్. కంప్యూటర్ మేడం చూసుకుంటది." ఆ కంప్యూటర్ మేడం నేనే. ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు వైపు ఉన్న ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో పదో తరగతి వరకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పిల్లలకు వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు నేర్పడం వేరు, స్కూలుకు సైట్ చేయించడం వేరు అని నేను చెప్పేలోపే మీటింగ్ ముగిసింది. ఇలాంటి పని ప్రతి స్కూల్లోనూ ఎవరో ఒకరి నెత్తిన పడుతూనే ఉంటుంది. అందుకే ఎక్కడ ఎంత కాలం పట్టిందో, డబ్బు దేనికి పోయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా పాత సైట్ 2016 నాటిది. ఫోన్‌లో తెరిస్తే పైన 'నాట్ సెక్యూర్' అని కనిపించేది. వేళ్లతో లాగి పెద్దది చేసుకుంటే తప్ప అక్షరాలు ఆనేవి కావు. అందులో ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో పని మానేసిన రిసెప్షనిస్టుది. ఆమె పెళ్లయి కరీంనగర్ వెళ్లిపోయినా, అడ్మిషన్ల సీజన్‌లో ఇంకా ఆమెకే ఫోన్లు వెళ్తున్నాయట. పాపం, ఓపిగ్గా మా ఆఫీసు నంబరు చెప్పి పెట్టేసేదట.

మొదటి వారంలోనే తెలిసిన సంగతి ఏమిటంటే, మా సైట్ పేరు అసలు మా చేతిలో లేదు. అప్పట్లో సైట్ చేసిన అబ్బాయి ఆ పేరును, అంటే డొమైన్‌ను, తన సొంత అకౌంట్‌లో, తన పేరు మీదే రిజిస్టర్ చేశాడు. కొత్త పేరు తీసుకుందామంటే, పాత పేరు బస్సుల వెనక, పిల్లల డైరీల మీద, ఐడీ కార్డుల మీద అంతటా ఉంది. ఒక్క బస్సులకు మళ్లీ పెయింట్ వేయించడానికే పెయింటర్ చెప్పిన రేటు విని ప్రిన్సిపాల్ మేడం ఆ ఆలోచన మానుకున్నారు. ఆ అబ్బాయి నంబరు కోసం పాత బిల్లుల ఫైళ్లు తిరగేశాం. చివరికి దొరికాడు. ఇప్పుడు బెంగళూరులో వేరే ఉద్యోగం. స్కూలు నుంచి ఎవరూ స్పందించక రెండేళ్లుగా రెన్యూవల్ డబ్బులు తానే కట్టుకుంటున్నానని, అవి, తన శ్రమకు ఇంకొంత కలిపి 6,000 ఇవ్వమన్నాడు. సార్‌కు కోపం వచ్చింది. నాకైతే అతను అడిగింది న్యాయంగానే అనిపించింది. అతను కట్టకపోయి ఉంటే ఆ పేరు ఎప్పుడో ఎవరి పాలో అయ్యేది. డబ్బు పంపాక లాక్ తీసి ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇచ్చాడు. కోడ్ ఇచ్చాక కూడా డొమైన్ మా అకౌంట్‌లోకి రావడానికి ఇంచుమించు వారం పట్టింది. ఇప్పుడు అది స్కూలు నడిపే సొసైటీ పేరు మీద, ఆఫీసు ఈమెయిల్ మీద ఉంది. సార్ తన పేరు మీద పెట్టమన్నా నేను ఒప్పుకోలేదు.

అదే సమయంలో కొటేషన్లు తెప్పించాం. అమీర్‌పేటలో ఒకరు 9,999కే అన్నీ కలిపి చేసిస్తానన్నారు. చూపించిన నమూనాలో బంగారు రంగు జుట్టున్న పిల్లలు పచ్చిక మీద పరుగెడుతున్నారు. సార్‌కు అది తెగ నచ్చింది. మాదాపూర్ నుంచి ఇద్దరు ల్యాప్‌టాప్‌లతో వచ్చి గంటసేపు ప్రెజెంటేషన్ ఇచ్చి, లక్షా ఎనభై వేలు, పైన 18 శాతం జీఎస్టీ అన్నారు. మూడో అతను తార్నాకలో ఇంటి నుంచే పనిచేసుకునే కుర్రాడు. నమూనా ఏదీ చూపించలేదు. "మేడం, మీ ఆఫీసుకు రోజూ ఫోన్లు దేని గురించి వస్తాయి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెప్తానన్నాను. అతను అడిగింది 48,000. సగం ముందు, సగం సైట్ లైవ్ అయ్యాక. ఇంకో మాట కూడా చెప్పాడు. అమీర్‌పేట కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో, ఆ 'నాట్ సెక్యూర్' అన్న మాట రాకుండా చేసే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కు ఏడాదికి 3,500 అని ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్‌ను ఉచితంగానే ఇస్తుందని, గడువు ముగిసేలోపే ప్రతిసారీ అదంతట అదే రెన్యూ అయ్యేలా హోస్టింగ్‌లో, అంటే సైట్‌ను ఉంచే సర్వర్‌లో, పెట్టుకోవచ్చని చూపించాడు. అక్కడే నా ఓటు అతనికి పడింది.

ఫోన్ల సంగతి తేల్చుకుందామని తర్వాతి శనివారం రిసెప్షన్ మేడం పక్కన కూర్చున్నాను. నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని, ఎవరు ఏమడిగినా ఒక టిక్ పెట్టడమే పని. "ఎల్‌కేజీకి మొత్తం ఎంతయితది, బుక్స్ కలిపేనా?" "బస్సు మేడిపల్లి లోపలికి వస్తదా, రోడ్డు మీదనే ఆపుతరా?" "మా బాబు అక్టోబర్‌ల పుట్టిండు, నర్సరీకి తీస్కుంటరా?" "టీసీకి ఏమేం తేవాలె?" "సోమవారం సెలవు ఉన్నదా?" అంతే. మధ్యాహ్నానికి ఈ నాలుగైదు ప్రశ్నలే తిరిగి తిరిగి వచ్చాయి. మా విజన్ ఏమిటి, మిషన్ ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. పాత సైట్‌లో ఉన్నవి మాత్రం ఆ రెండే, ఒక్కొక్కటి పేజీ నిండా.

ఆ నోట్‌బుక్ పట్టుకునే ఫిబ్రవరి మొదటి వారంలో మీటింగ్‌కు వెళ్లాను. పైన స్కూలు పేరు, నొక్కితే నేరుగా ఫోన్ కలిసే బటన్, దాని కింద ఫీజు, బస్సు రూట్లు, అడ్మిషన్ వయసు, సెలవుల జాబితా ఉండాలన్నాను. సార్ లిస్టు వేరే ఉంది. తన ఫొటో, పక్కకు జరిగిపోతుండే ఎర్ర అక్షరాల వార్తలు, ఒకదాని తర్వాత ఒకటి మారే ఆరు పెద్ద ఫొటోలు, తెరవగానే స్కూలు పాట. రాజకీయ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలా ఉంటుందని నోటిదాకా వచ్చి ఆగింది. తార్నాక కుర్రాడు నాకంటే తెలివైనవాడు. కాదనలేదు. ఆ ఆరు ఫొటోలతోనే ఒక పేజీ చేసి తెచ్చి, మా ఆయమ్మ ఫోన్ అడిగి తీసుకుని, వైఫై లేకుండా సెల్లార్‌లో పార్కింగ్ దగ్గర తెరిచి సార్ చేతిలో పెట్టాడు. కెమెరా నుంచి నేరుగా తీసిన ఫొటోలు ఒక్కొక్కటి ఐదేసి ఎంబీ. తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. సార్ రెండుసార్లు వాచీ చూసుకుని, "ఇంత సేపు ఎవడు చూస్తడు?" అన్నారు. ఆరు ఫొటోలు ఒకటయ్యాయి. ఆ ఒక్కదాన్నీ ఫొటో సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 200 కేబీ లోపుకు దించాడు. పాట పోయింది. జరిగే వార్తలు మాత్రం ఉంటాయన్నారు. ఉన్నాయి. ఒక్క వరుస, నెమ్మదిగా జరుగుతుంది, వేలు పెడితే ఆగుతుంది.

రంగుల దగ్గర ఇంకో రెండు రోజులు పోయాయి. మా లోగో మెరూన్, పసుపు. తెల్లటి పేజీ మీద పసుపు అక్షరాలు కావాలన్నారు. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా, అంటే కాంట్రాస్ట్, మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలని, చూపు తక్కువున్నవాళ్లు కూడా చదవగలిగేలా పెట్టిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయి. తెలుపు మీద పసుపు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఈ లెక్క చెబితే ఎవరూ వినలేదు. మా అకౌంటెంట్ గారు కళ్లజోడు తీసి చూసి "ఏమీ కనిపిస్తలేదు సార్" అన్నాక విన్నారు. అక్షరాలకు మెరూన్, పసుపు కేవలం బటన్ల వెనక.

ఫీజు సైట్‌లో పెట్టడం మాత్రం పెద్ద గొడవే అయింది. పక్క స్కూలు వాళ్లు చూసి వెయ్యి తగ్గిస్తారని సార్ భయం. తీరా చూస్తే అది మా ఇష్టం కానే కాదు. సీబీఎస్‌ఈ స్కూళ్లు 'మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్' పేరుతో ఒక పేజీ పెట్టాలి, అందులో ఫీజు వివరాలు ఉండాల్సిందే. ఆ ఫార్మాట్ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాక వాదన ఆగింది. కానీ అసలు పని అప్పుడు మొదలైంది. అఫిలియేషన్ లెటర్, సొసైటీ రిజిస్ట్రేషన్, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫైర్ సేఫ్టీ, బిల్డింగ్ సేఫ్టీ, నీళ్లు, శానిటేషన్ సర్టిఫికెట్లు, మూడేళ్ల పదో తరగతి ఫలితాలు, టీచర్ల లెక్క, పేరెంట్ టీచర్ అసోసియేషన్ సభ్యుల జాబితా, ఆడపిల్లలకు, మగపిల్లలకు ఎన్ని టాయిలెట్లు అన్నది కూడా. ఒకటి బీరువాలో ఉంటే ఇంకొకటి సార్ ఇంట్లో. శానిటేషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంది. కొత్తది చేతికి వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. స్థలం చదరపు మీటర్లలో రాయమన్నారు, మా కాగితాలన్నీ గజాల్లో. 0.836తో గుణించి మార్చుకున్నాం. అన్నిటికంటే నేను ఊహించనిది, స్కూలు వసతులు చూపించే యూట్యూబ్ వీడియో లింకు. పీఈటీ సార్ ఫోన్ పట్టుకుని గేటు నుంచి ల్యాబ్ దాకా నడిచారు. మొదటి వీడియోలో మెట్ల దగ్గర పిల్లలు వెక్కిరిస్తూ వచ్చారు. ఆదివారం మళ్లీ తీశాం.

ఫిబ్రవరి 15న పదో తరగతి బోర్డు పరీక్షలు మొదలయ్యాయి. ఇక ప్రిన్సిపాల్ మేడం దొరకలేదు. ఆమె సందేశం కోసం నెల రోజులు పైనే ఆగాం. మీరు సైట్ చేయించేటట్టయితే బోర్డు పరీక్షలకు ముందే పెద్దల దగ్గర రాయించుకోవాల్సినవి రాయించేసుకోండి. ఆ ఖాళీ సమయంలో నేను తెలుగు పేజీల మీద పడ్డాను.

మా తల్లిదండ్రుల్లో ఇంగ్లిష్ పేజీని దాటేసి నేరుగా ఫోన్ చేసేవాళ్లు చాలామంది. బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో నానమ్మలు, తాతయ్యలే సెలవుల సంగతి చూసుకుంటారు. కాబట్టి ఫీజు, బస్సు, సెలవులు, అడ్మిషన్ కాగితాలు తెలుగులో కూడా ఉండాలని పట్టుబట్టాను. పాత సర్క్యులర్లన్నీ తెలుగులో ఉన్నాయి కదా, కాపీ చేసి పెట్టేద్దామనుకున్నాం. అవన్నీ డీటీపీ సెంటర్‌లో ప్రింటింగ్ కోసం వాడే అను ఫాంట్లలో కొట్టించినవి. సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వచ్చాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే. తెలుగు సార్ ఫోన్‌లో మైకు నొక్కి చదువుతూ పోతే, నేను తప్పులు దిద్దుతూ కూర్చున్నాను. ఒక మధ్యాహ్నమంతా అదే.

తర్వాత ఒత్తులు తెగిపోవడం మొదలైంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే లైన్ ఎత్తు తెలుగుకు చాలదు. 'లక్ష్మి'లో కింది ఒత్తులు సగం కోసేసినట్టు కనిపించాయి, శీర్షికల్లో అయితే మరీ ఘోరం. లైన్ ఎత్తు అక్షరానికి ఒకటిన్నర రెట్ల నుంచి దాదాపు రెండు రెట్లకు పెంచాక గాని నిలబడలేదు. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నవే తీసుకున్నాం. శీర్షికలకు రామభద్ర, మిగతా అంతా మండలి. తెలుగు సార్ ఒక్కో పేజీ ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్నుతో దిద్దారు. ఆయన దిద్దిన ఆ ఒకటే పని ఈ సైట్‌లో డబ్బుతో దొరకనిదని నా అభిప్రాయం.

ఫొటోల దగ్గర నాకు నిజంగా టెన్షన్ పుట్టింది. జనవరి 26న ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి తీయించిన మంచి ఫొటోలు ఉన్నాయి, 5,000 ఇచ్చాం. కానీ వాటిలో ఉన్నది పిల్లలు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, నా కూతురి ఫొటో నాకు చెప్పకుండా ఎవరైనా నెట్‌లో పెడితే నేను ఊరుకోను. డైరీల్లో అనుమతి కాగితం అంటించి పంపించాం. రెండు వారాల్లో ఎక్కువమంది సంతకం చేసి పంపారు. కొందరు వద్దన్నారు. ఒక తల్లి ఫోన్ చేసి, "ఫొటో పెట్టుండ్రి మేడం, పేరు మాత్రం వద్దు. వాళ్ల నాన్నకు మేం ఎక్కడున్నమో తెల్వొద్దు" అంది. స్కూలు పేరుతో ఉన్న సైట్‌లో ముఖం కనిపిస్తే చాలు కదా తెలిసిపోవడానికి. ఆ మాట చెప్పి, ఆ పాప ఉన్న ఫొటోలు అన్నీ తీసేశాం. అప్పటి నుంచి సైట్‌లో ఏ పిల్లవాడి పేరూ రాయడం లేదు, ర్యాంకుల పేజీలో కూడా. ముఖాలు కనిపించే ఫొటోలు తక్కువ. ల్యాబ్‌లో చేతులు, వెనక నుంచి తీసిన ప్రేయర్ వరుస, బతుకమ్మ పేర్చుతున్న చేతులు. చూడటానికి అవే బాగున్నాయని కుర్రాడు అన్నాడు. మరోపక్క, మా వాడి ఫొటో ఎందుకు లేదని గేటు దగ్గర నిలదీసిన నాన్నలూ ఉన్నారు.

ఉగాది మార్చి 30, ఆదివారం. మర్నాడు రంజాన్. ఓపెనింగ్‌కు రావాల్సి వచ్చి ఆదివారం, ఉగాది రెండు సెలవులూ పోయాయని స్టాఫ్ అంతా గుర్రుగా ఉన్నారు. పాత హోస్టింగ్ నుంచి కొత్తదానికి డీఎన్‌ఎస్ (సైట్ పేరు కొడితే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఏర్పాటు) మార్చాక అందరికీ కొత్త సైట్ కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చని, శుక్రవారమే మార్చేశాడు కుర్రాడు. ఆదివారం ఉదయం పచ్చడి తిన్నాక కొబ్బరికాయ కొట్టి, ప్రొజెక్టర్ మీద తెరిచాం. బాగుంది, చప్పట్లు. సార్ తన ఫోన్‌లో తెరిచారు. పాత సైటే! ముఖం ఎర్రబడింది. మా అందరి ఫోన్లలో కొత్తది, ఆయన ఒక్కరి ఫోన్‌లో పాతది. కుర్రాడు నవ్వకుండా ఫోన్ తీసుకుని, వైఫై ఆపి, బ్రౌజర్‌లో పాత డేటా చెరిపి ఇచ్చాడు. అప్పుడు వచ్చింది. మీరు కూడా ముహూర్తం పెట్టుకుంటే, పెద్దవాళ్ల ఫోన్లలో ఈ పని ముందురోజు రాత్రే చేసి పెట్టండి.

ఏప్రిల్‌లో ఎంక్వయిరీ ఫామ్ ద్వారా ఒక్క మెయిలూ రాలేదు. అడ్మిషన్ల కాలంలో ఇదేమిటని చూస్తే, అన్నీ ఆఫీసు మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉన్నాయి. హోస్టింగ్ సర్వర్ నుంచి వచ్చే మెయిళ్లను జీమెయిల్ నమ్మడం లేదు. మెయిల్ పంపే పద్ధతి మార్చి, డొమైన్‌లో, మా పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చాక ఇన్‌బాక్స్‌లోకి రావడం మొదలైంది. స్పామ్‌లో ఉన్నవాళ్లందరికీ రిసెప్షన్ మేడం ఫోన్లు చేసింది. కొందరు అప్పటికే వేరే స్కూల్లో చేర్పించేశారు.

ఆన్‌లైన్ ఫీజు ఇంకో కథ. సైట్‌లో కట్టిన డబ్బును మా బ్యాంకుకు చేర్చే పేమెంట్ గేట్‌వే కంపెనీకి అప్లై చేస్తే, సైట్‌లో రీఫండ్ పాలసీ, ప్రైవసీ పాలసీ, నియమాల పేజీలు లేవని తిప్పి పంపారు. అవి పెట్టాక మళ్లీ తిప్పారు. బ్యాంకు అకౌంట్ సొసైటీ పేరు మీద ఉంది, సైట్‌లో స్కూలు పేరు ఒక్కటే ఉంది. పేజీ అడుగున సొసైటీ పూర్తి పేరు రాశాక గాని ఒప్పుకోలేదు. మొత్తం ఇంచుమించు నెల. క్రెడిట్ కార్డుతో కడితే రెండు శాతం దాకా కోత, దానిమీద జీఎస్టీ. అది ఎవరు భరించాలనే చర్చ ఇంకా తెగలేదు, ప్రస్తుతానికి కార్డు ఆప్షన్ మూసేసి యూపీఐ ఒక్కటే ఉంచాం. జూన్ 12న బడులు తెరిచాక కౌంటర్ దగ్గర క్యూ కొంచెం తగ్గిందని అకౌంటెంట్ గారు అన్నారు. ఆయన అంతకంటే ఎక్కువ మెచ్చుకునే మనిషి కాదు.

ఖర్చు చెప్పాలంటే, సైట్‌కు 48,000, పాత అబ్బాయికి 6,000, ఫొటోలకు 5,000, హోస్టింగ్ మూడేళ్లకు కలిపి 11,000 దాకా. మూడేళ్లకు ఒకేసారి కట్టడానికి కారణం ఉంది. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూపించి, రెన్యూవల్‌కు రెట్టింపు పైనే వేస్తారు, ఆ రేటు పేజీలో ఎక్కడో కింద ఉంటుంది. ఏడాది మెయింటెనెన్స్‌కు 10,000 ఒప్పుకున్నాం. అందులో నోటీసులు మార్చడం లేదు, అది మేమే చేసుకోవాలి. అందుకని ఆఫీసులో ఇద్దరికి నేర్పించాను. పాస్‌వర్డ్‌లు, రెన్యూవల్ తేదీలు ఒక రిజిస్టర్‌లో రాసి ప్రిన్సిపాల్ మేడం బీరువాలో పెట్టించాను.

ఎక్కువమంది చూసే పేజీ బస్సు రూట్లది, ఆ తర్వాత సెలవులది. చూసేవాళ్లలో దాదాపు అందరూ ఫోన్‌లోంచే. ప్రిన్సిపాల్ మేడం సందేశం తెరిచినవాళ్లు చాలా తక్కువ, ఆ లెక్క ఆమెకు చూపించలేదు. బస్సు పేజీలో ప్రతి స్టాప్‌కూ టైము రాశాం. దాంతో ఐదు నిమిషాలు ఆలస్యమైనా స్క్రీన్‌షాట్ తీసి డ్రైవర్ అన్నకు పంపిస్తున్నారట. ఆయన నన్ను చూసినప్పుడల్లా, "మేడం, జర ఆ టైము పది నిమిషాలు వెనకకు జరపరాదు?" అంటున్నాడు. ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ చూస్తే అడగడంలో తప్పు లేదు. టర్మ్ మారేటప్పుడు ఆ పట్టిక ఆయన పక్కన కూర్చునే రాస్తాను.